కిటికీ పద్దు

మా వంటింటికి కిటికీ లేదు. ఇల్లు కొన్న రోజు నుంచీ లేదు. చవగ్గా వస్తోందని కొన్నాం. ఎందుకంత చవగ్గా వచ్చిందో మొదటి రోజు పొయ్యి వెలిగించగానే నాకు అర్థమైంది. మా ఆయనకి అర్థం కావడానికి పదకొండేళ్లు పట్టింది. ఆయన వంటింటి గడప దగ్గర నిలబడి మంచినీళ్లు అందుకోవడమే తప్ప లోపలికి అడుగు పెట్టిన పాపాన పోలేదు.

పోయిన ఎండాకాలం పొయ్యి ముందే కళ్లు తిరిగి పడ్డాను. దగ్గు అంతకు ముందు నుంచే ఉంది. డాక్టరమ్మ నా గుండె విని, ఊపిరి విని, మా వంటింటి సంగతి అడిగి, మందుల చీటీ పక్కకి తోసేసింది. "ముందు ఆ గదికి గాలి పెట్టించు. లేకపోతే ఈ దగ్గు జన్మంతా నీతోనే కాపురం చేస్తుంది," అంది. అప్పట్నుంచీ నా ప్రాణమంతా కిటికీ మీదే ఉంది. బట్టలడగలేదు, నగలడగలేదు, రెండడుగుల కిటికీ అడిగాను.

ఇక్కడ మా ఆయన గురించి కాస్త చెప్పాలి. ఆయన సర్కారు వారి ఖర్చుల ఆఫీసులో సెక్షన్ అధికారి. అక్కడ ఆయన్ని అందరూ సున్నా సార్ అంటారు. తిట్టు కాదు, బిరుదు. ఆర్థిక సంవత్సరం ఆఖరి రోజు సాయంత్రానికి ఆయన సెక్షన్‌లో సరిగ్గా సున్నా మిగులుతుంది. ఏమైనా మిగిలిందా, పైవాళ్లు "మీకు అక్కర్లేదన్నమాట" అని వచ్చే ఏడాది ఆ మేరకి కోసేస్తారట. అందుకని ఒక ఏడాది పన్నెండు మంది పనిచేసే ఆఫీసుకి నలభై చెత్తబుట్టలు కొన్నారు. ఇంకో ఏడాది గోడగడియారాలు కొన్నారు. ఇప్పుడు ఆ గదిలో ఐదు గడియారాలున్నాయి, ఐదూ ఐదు టైములు చూపిస్తాయి.

అలాగని చేతివాటం మనిషి కాదు. ఆఫీసు పెన్ను పొరపాటున జేబులో ఇంటికొస్తే ఆయనకి అన్నం సహించదు. మర్నాడు దాన్ని తీసుకెళ్లి అప్పజెప్పి, అప్పుడు కూర్చుంటారు. మనిషి నిప్పు. నిప్పుతో వచ్చే చిక్కేమిటో రోజూ దాని ముందు నిలబడేదాన్ని నాకు తెలుసు.

ఏడాది కిందట ఒకరోజు పొద్దున్న టీవీలో ఎవరో మంత్రి మాట్లాడుతున్నాడు. ఇల్లాలు ఇల్లు నడిపినట్టు సర్కారుని నడపాలి, ఉన్నదాంట్లో సర్దుకోవాలి, నాలుగు రాళ్లు వెనకేసుకోవాలి అన్నాడు. మా ఆయనకి టీ పొలమారింది.

"ఇల్లు నడపడం కూడా ఒక నడపడమేనా?" అన్నారు. "పద్దుల్లేవు, మంజూరుల్లేవు. సర్కారు డబ్బు దాచుకుంటే ఎవడికో అందాల్సింది అందనట్టు. అసలు ఇళ్లనే సర్కారులా నడపాలి."

మా అత్తయ్య కుర్చీలోంచి కదలకుండా అంది, "నడపరా నాయనా, నువ్వే నడుపు. సర్కారుకి చాలకపోతే నోట్లు అచ్చేసుకుంటుంది. నువ్వు అచ్చేస్తే పోలీసులొస్తారు. ఆ తేడా ఒక్కటీ గుర్తుపెట్టుకో."

ఆయన గుర్తుపెట్టుకోలేదు. మర్నాడే ఒక లావుపాటి పుస్తకం తెచ్చి ఇంటికి పద్దులు రాశారు. సరుకులు, సబ్బులు, మందులు, రిపేర్లు. ఆ నెల నేను చచ్చీ చెడీ నాలుగు వందలు మిగిల్చి, మెచ్చుకుంటారేమోనని తీసుకెళ్లి బల్ల మీద పెట్టాను.

"అంటే నాలుగు వందలు ఎక్కువ అడిగావన్నమాట," అన్నారు. పై నెల నాలుగు వందలు కోసేశారు.

ఆ నెల కూడా పాత అలవాటు కొద్దీ నూటయాభై మిగిల్చాను. అవీ కోసేశారు. దొంగతనం చేస్తే జరిమానా వేస్తారని విన్నాను గానీ పొదుపు చేస్తే వేస్తారని మా ఇంట్లోనే చూశాను. ఇలా మిగుల్చుకుంటూ పోతే ఏడాది తిరిగేసరికి ముగ్గురం పస్తులే. ఒళ్లు మండిపోయింది. నా మొహం చూసి అత్తయ్య దగ్గరికి పిలిచింది.

"ముల్లుని ముల్లుతోనే తియ్యాలి అమ్మాయ్," అంది. "మనింట్లో నెలకి ఎన్ని సబ్బులవుతాయి?"

"మూడు, అత్తయ్యా."

"పద్దెనిమిది రాయి."

పద్దెనిమిది రాశాను. బిల్లు నేను రాస్తే అందినట్టు అత్తయ్య సంతకం పెట్టింది. మా ఆయన చూశారు, కూడారు, టిక్కు పెట్టారు. పద్దు మొత్తం ఖర్చయింది కాబట్టి "శభాష్, ఇప్పుడు దారిలో పడ్డావు," అన్నారు. ముగ్గురు మనుషులు పద్దెనిమిది సబ్బులు ఎలా అరగదీశారని అడగలేదు. పై నెల ఇరవై రాశాం, ఆ పై నెల ఇరవై రెండు. అత్తయ్య మోకాళ్ల నూనె నెలకి పదకొండు సీసాలు. మిగిలిన డబ్బు పంచదార డబ్బాలో పడింది. కిటికీకి ఆయన మంజూరు చేస్తే సరేసరి, లేకపోతే ఆ డబ్బా ఉంది కదా అని నా ధైర్యం.

కిటికీ సంగతి ఎత్తితే "అర్జీ పెట్టు" అన్నారు. పెట్టాను. దాని మీద "కారణం తెలుపవలెను" అని రాసి వెనక్కిచ్చారు. ఎదురుగా నిలబడి కడుపులో పేగులు కదిలేలా దగ్గాను.

"అలా కాదు, రాతపూర్వకంగా," అన్నారు.

రాశాను. ఆ తర్వాత మూడు అంచనాలు కావాలన్నారు. మా వీధిలో ఉన్నది ఒక్కడే మేస్త్రి. అతను ఒకటిచ్చాడు, అతని బావమరిది దగ్గర ఇంకోటి పట్టుకొచ్చాడు. మూడోది ఎవరూ దొరక్క అత్తయ్య ఇచ్చింది. "నాకు గునపం ఇప్పిస్తే ఊరికే పొడుస్తాను" అని రాసి, వేలిముద్ర చాలదేమోనని సంతకం కూడా పెట్టింది. అందరికంటే తక్కువ అంచనాకే పని ఇవ్వాలని రూలు. మా ఆయన రెండు రోజులు తల పట్టుకున్నారు. చివరికి "అనుభవం లేదు" అని తల్లి కాగితం కొట్టేశారు. కన్నతల్లిని పట్టుకుని అనుభవం లేదంటావురా అని ఆవిడ వారం రోజులు సాధించింది.

ఆ ఫైలు పరిశీలనలో ఉంది, పరిశీలనలో ఉంది అంటూ నెలలు గడిచాయి. ఇంటి సంవత్సరం కూడా ఆఫీసు సంవత్సరంతో పాటే ముగిసేలా పెట్టుకున్నారాయన. ఆ ఆఖరి రోజు పొద్దున్న తొమ్మిది వేలు మంజూరంటూ కాగితం తెచ్చి నా చేతిలో పెట్టారు. నిజం చెప్పొద్దూ, నాకు కళ్లలో నీళ్లొచ్చాయి. గడపలోనే నిలబడి మేస్త్రికి ఫోన్ చేశాను. ఆయనకీ వినపడాలని స్పీకర్ పెట్టాను.

"ఇవాళ కుదరదమ్మా," అన్నాడు మేస్త్రి. "వారం పడుతుంది. పెద్దాఫీసులో ఉన్నాం. గోడలు గీకి మళ్లీ పూత పూస్తున్నాం."

"గోడలు పాడైపోయాయా?"

"ఎక్కడమ్మా, పోయినేడు నేనే పూశాను, అద్దంలా ఉన్నాయి. అయినా గీకాలట. పని వారం పట్టినా బిల్లు మాత్రం సాయంత్రంలోగా అయిపోవాలట. ఈ చుట్టుపక్కల ఉన్న మేస్త్రులందరం ఇక్కడే ఉన్నాం. ఎవరో సున్నా సారంట, ఆయన ఆర్డరు."

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన చెప్పుల వైపు చూసుకున్నారు.

"వారం తర్వాతే రమ్మందాం," అన్నాను, గొంతు తగ్గించి. "డబ్బు ఉంచండి."

"ఎలా ఉంచుతాను? సాయంత్రానికి మురిగిపోతుంది."

"మన డబ్బు మన బీరువాలో మురిగిపోవడమేమిటండీ?"

గబగబా వీధిలోకి వెళ్లిపోయారు. ఆ రోజు సెలవు పెట్టారో, ఆఫీసు పని మధ్యలో వెళ్లొచ్చారో తెలియదు గానీ సాయంత్రం ఆరింటికి మా ఇంటి ముందు ట్రాలీ ఆగింది. అందులోంచి కిటికీ దిగింది. టేకు చట్రం, మూడు రెక్కలు, ఇత్తడి గడియలు. ఇద్దరు మోసుకొచ్చి ముందుగదిలో గోడకి ఆనించారు. నేను టేపు తెచ్చి కొలిచాను. అయిదడుగుల వెడల్పు ఉంది. వంటింట్లో స్తంభానికీ అలమరకీ మధ్య ఉన్న గోడే నాలుగడుగులు.

"ఇదేం సైజండీ?"

"ఉన్న డబ్బుకి సరిపోయిన సైజు," అన్నారాయన. "ఎనిమిది వేల ఏడు వందల అరవై. మిగిలిన రెండొందల నలభైకి కర్టెన్ కూడా వేయించాను. సరిగ్గా సున్నా."

అత్తయ్య కుర్చీ లాక్కుని కిటికీ ముందు కూర్చుంది. కర్టెన్ పక్కకి జరిపి అటు చూసింది. "గోడ బాగా కనిపిస్తోందిరా," అంది. "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమట," అని మళ్లీ కర్టెన్ వేసేసింది.

"మరి మేస్త్రి కూలి?" అన్నాను.

"కొత్త సంవత్సరం బడ్జెట్‌లో పెడదాం. రెండు నెలల్లో..."

అప్పుడు దగ్గొచ్చింది. ఈసారి కావాలని దగ్గలేదు. బల్ల పట్టుకుని వంగిపోయాను. ఆయన నీళ్లు తేవడానికి వంటింటి గడప దాకా వెళ్లి, గ్లాసులెక్కడుంటాయో తెలియక ఆగిపోయారు. నేనే లోపలికెళ్లి నీళ్లు తాగాను. బయటికొచ్చేటప్పుడు పంచదార డబ్బా తెచ్చి బల్ల మీద బోర్లించాను.

"ఆరు వేల మూడొందలు," అన్నాను. "మేస్త్రి కూలికి, ఈ కిటికీ కోసి చిన్నది చెయ్యడానికి సరిపోతుంది."

"ఇదెక్కడిది?"

"సబ్బులది."

ఆయనకి అర్థం కాలేదు. పుస్తకం తెచ్చి పేజీలు తిరగేశారు. "పద్దెనిమిది, ఇరవై, ఇరవై రెండు..." అని చదివారు.

"మూడేనండీ కొన్నది. ప్రతి నెలా మూడే."

"బిల్లులున్నాయి కదా."

"నేనే రాశాను."

"అమ్మ సంతకం ఉంది కదా."

"నాదేరా," అంది అత్తయ్య. "నువ్వు టిక్కు పెట్టిన నూనెతో నా మోకాళ్లేం ఖర్మ, ఒక బస్సు నడపొచ్చు. కొడుకువి, వాసన వస్తోందో లేదో కూడా చూసుకోలేదు."

ఆయన పుస్తకం మూసేశారు. నేను ఆయన ముఖంలో కోపం వస్తుందని చూస్తున్నాను. కోపం రాలేదు. చిన్నపిల్లాడిలా మొహం వాడిపోయింది.

"నువ్వు నాతో అబద్ధం చెప్పావా?" అన్నారు.

అది విని నాకు కోపమొచ్చింది. "చెప్పాను. ఆ పుస్తకం రాకముందు ఒక్క పైసా దగ్గర అబద్ధమాడలేదు. నిజం చెప్పిన రెండు నెలలూ కోశారు. అబద్ధం చెప్పిన ప్రతి నెలా శభాష్ అన్నారు. నాకు ఏది నేర్పారో అదే నేర్చుకున్నాను."

ఆయన కుర్చీలో కూర్చుని ఆ పుస్తకం అట్ట మీద చెయ్యేసి రుద్దుతున్నారు.

"మా ఆఫీసుకి కింది ఆఫీసుల నుంచి లెక్కలొస్తాయి," అన్నారు చివరికి. "అన్నీ సున్నాలే. ఇరవై ఏళ్లుగా టిక్కులు పెడుతున్నాను. వాళ్లందరూ కూడా..."

"ఆఫీసుల సంగతి నాకేం తెలుసండీ," అన్నాను. "నాది ఒక్క వంటిల్లు. మీ సర్కారులో తప్పు జరిగితే ఎవడు దగ్గుతున్నాడో మీకు వినపడదు. ఇక్కడ నేను పక్కగదిలోనే దగ్గుతున్నాను."

ఆ రాత్రి ఆయన అన్నం సరిగ్గా తినలేదు. నాకు కోపం పోలేదు గానీ జాలేసింది. ఇరవై ఏళ్లలో ఒక్క ఆఫీసు పెన్ను ఇంట్లో ఉంచుకోని మనిషి, ఇంట్లోనే దొంగలెక్కలు తయారయ్యాయని ఎలా జీర్ణించుకుంటాడు?

వారానికి మేస్త్రి వచ్చాడు. మా ఆయన్ని చూసి నమస్కారం పెట్టి, "మీరేనా సార్ ఆ సార్?" అన్నాడు. ఆయన అవునన్నట్టు తలూపి, గునపం అందించారు. మధ్యాహ్నానికి గోడకి కన్నం పడింది. సన్నటి వెలుగు ముందు నేల మీద పడింది, తర్వాత గాలి వచ్చింది. నేను కళ్లు మూసుకుని నిలబడ్డాను. నాకు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. వడ్రంగి ఆ టేకు కిటికీని కోసి రెండడుగులది చేశాడు. ఒక రెక్క మిగిల్తే అత్తయ్య తన మంచం పక్కన బల్లగా వేయించుకుంది.

కన్నం పడ్డాక మా ఆయన మొదటిసారి లోపలి దాకా వచ్చారు. పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. రెండు నిమిషాల్లో చొక్కా వీపుకి అంటుకుపోయింది.

"ఇంత వేడిగా ఉంటుందా?" అన్నారు.

"ఇవాళ చల్లగా ఉంది," అన్నాను.

పై నెల ఒకటో తారీఖున పుస్తకం లేకుండా డబ్బు చేతికిచ్చారు. కోసినవన్నీ కలిపి, మొదట్లో ఇచ్చినంత ఇచ్చారు. నెలాఖరున నేను కూరగాయలు తరుగుతుంటే వచ్చి, కిటికీ పక్కన నిలబడ్డారు. దగ్గు ఎలా ఉందని అడిగారు. తగ్గిందన్నాను. కాసేపు బయటికి చూసి, "ఈ నెల ఎంత మిగిలింది?" అన్నారు.

నా చెయ్యి ఆగిపోయింది. మిగిలింది మూడొందల పది. ఏమీ మిగల్లేదండీ అన్న మాట అప్పటికే నాలిక మీదికి వచ్చేసింది. ఆయన చేతిలో పెన్ను ఉందేమోనని చూశాను. చూడటం ఆయన చూశారు.

"కోయడానికి కాదు," అన్నారు మెల్లగా.

"మూడొందల పది," అన్నాను.

ఆయన నా ముఖంలోకి చూశారు. ఆయనకీ ఒక్క క్షణం పట్టింది.

"నమ్మాను," అన్నారు. మా కాపురంలో ఆయన ఆ మాట పైకి చెప్పాల్సి రావడం అదే మొదటిసారి.