బాడుగ అడగని నారాయణమ్మ

భర్త పోయాక యమున కూతురు వర్షితను వెంటబెట్టుకుని సదుం నుంచి పుంగనూరు వచ్చి, నారాయణమ్మ అనే పెద్దామె ఇంట్లో ఒక గది బాడుగకు తీసుకుంది. రోజూ పొద్దున్నే బస్సెక్కి మదనపల్లె మార్కెట్‌కు వెళ్లి టమాటాలు ఏరే పని చేసేది. వర్షిత పెద్దదై కుప్పంలో హాస్టల్లో ఉండి డిగ్రీలో చేరింది. ఆ ఏడాది వానాకాలం నుంచే మార్కెట్‌కు సరుకు తగ్గుతూ వచ్చి, చలికాలానికి మరీ పడిపోయింది. వారానికి రెండు రోజులు పని దొరికితే గొప్ప. వర్షిత పరీక్ష ఫీజుకు గడువు దగ్గర పడింది.

అప్పుడే ఇందు అనే అమ్మాయి మార్కెట్లో యమునను చూసింది. బెంగళూరులో ఉద్యోగం చేస్తూ, సెలవు పెట్టి సొంతూళ్లో షార్ట్ ఫిల్మ్ తీయడానికి వచ్చింది ఇందు. భర్త లేని తల్లి కష్టాల కథ. తల్లి వేషం వేస్తే మూడు రోజులకు పదివేలు ఇస్తానంది. యమున వెంటనే ఒప్పుకుంది.

రెండో రోజు షూటింగ్ యమున ఉండే వీధిలోనే. ఇందు సీను చదివి వినిపించింది. బాడుగ కట్టలేదని ఇంటి ఓనరమ్మ సామాన్లు వీధిలో పారేస్తుంది. తల్లి ఆమె కాళ్లు పట్టుకుంటుంది.

యమున లేచి నిలబడింది. "ఇది నేను సెయ్యలేనమ్మా."

"కాళ్లు పట్టుకునేది కష్టంగా ఉండాదా అక్కా?"

"దానికి కాదు. నేను ఎవురింట్లో ఉండానో ఈ ఈదిలో అందురికీ తెలుసు. సూసినోళ్లు మా నారాయణమ్మ అట్లాంటిదే అనుకుంటారు. అయిదు నెల్ల బాడుగ నిల్చిపోయుండాది. ఒక దినం గూడా అడగలే. నన్ను సూస్తే యాడ సిగ్గుపడతానో అని, నేను వచ్చే యాళకి అరుగు మింద నుంచి లేసి లోపలికి పోతాది."

"కథలో ఎవరో ఒకరు చెడ్డోళ్లు ఉండాల గదక్కా."

"ఉండనీమ్మా. ఆమె మాత్రం వద్దు. నిన్నటి కూలి ఇచ్చెయ్యి, పోతాను."

అనేసిందే గానీ, ఫీజుకు నాలుగు రోజులే ఉన్నాయని యమునకు గుర్తొచ్చింది.

ఇందు నేరుగా నారాయణమ్మ ఇంటికి వెళ్లింది. ఆమె అనపకాయలు ఒలిచి చేటలోకి గింజలు తీస్తోంది. యమున చెప్పింది నిజమేనా అని అడిగింది ఇందు.

"అడిగితే యాడనుంచి తెస్తాది? ఉంటే ఆ యమ్మే ఇస్తాది గదా. దీంట్లో సినిమా తీసేంత ఏముండాది?" అంది నారాయణమ్మ.

ఇందు అక్కడే కూర్చుని సీను మార్చి రాసింది. తల్లి వీధిలోకి వస్తుంది. అరుగు మీదున్న ముసలామె ఆమెను చూసి, మెల్లగా లేచి లోపలికి వెళ్తుంది. అంతే. దీనికి యమున సరేనంది. ఇందు బతిమాలి, ఆ ముసలామె వేషం నారాయణమ్మ చేతే వేయించింది. ఆమె కెమెరా వైపే చూస్తూ ఉండడంతో ఆరుసార్లు తీయాల్సి వచ్చింది. మూడో రోజు సాయంత్రం యమున చేతికి డబ్బు అందింది. ఫీజు గడువులోపే కట్టింది.

రెండు నెలల తర్వాత ఆ సినిమాను వర్షిత కాలేజీలో వేశారు. యమున, నారాయణమ్మ కలిసి కుప్పం వెళ్లారు. అయిదు నెలల బాడుగ సంగతి వర్షితకు అంతవరకూ తెలియదు; అరుగు సీను వచ్చినప్పుడు యమున ఆమె చెవిలో చెప్పింది. సినిమా అయ్యాక వచ్చి నారాయణమ్మ భుజం మీద తల ఆనించింది.

"నాకెందుకు చెప్పలేదవ్వా?"

"సెప్పేదానికేముండాది? నువ్వు సదువుకో."

తిరుగు బస్సులో యమున నారాయణమ్మ పక్కన కూర్చుంది. బస్సు కదిలాక మెల్లగా అంది: "నువ్వు లేకుంటే నా బిడ్డ సదువు నిల్చిపోయేదమ్మా. ఇంట్లో ఈ మాట సెప్పనిస్తావో లేదో అని ఈడ సెప్తాండాను."

నారాయణమ్మ యమున చెయ్యి పట్టుకుంది. పలమనేరు దాటేదాకా వదల్లేదు.