మిల్లుకీ అప్పడాలకీ నడుమ

నేను ఒక గోరింట కంచెను. అలా తీసిపారేయకండి తల్లీ, మునిసిపాలిటీ కాగితంలోకెక్కిన కంచెను! పది అడుగుల వెడల్పు, మనిషిని మించిన ఎత్తు. నాకు పడమట పేర్రాజు గారి రైసు మిల్లు, తూర్పున అప్పడాల వీధి. మిల్లు పక్కన ఇళ్లుంటే మధ్యలో పచ్చటి తెర ఉండి తీరాలనీ, ఇటు నుంచి చూస్తే అటు కనపడకూడదనీ రూలు. ఆ తెరను నేనే!

నా పుట్టుక కూడా చెబుతాను వినండి. మొక్కలు నాటితేనే మిల్లుకు అనుమతి అన్నారు. గేటు కాసే సూరన్న వాళ్ల అత్తగారి దొడ్లో ముదురు కొమ్మలు నరుక్కొచ్చి, తొలకరికి మూడు వరసలు గుచ్చేశాడు. బతుకుతానని వాడే అనుకోలేదు. బతికాను. నీళ్లు పొయ్యమంటే మిల్లువాళ్లు నన్ను వీధివాళ్ల కంచె అనేవారు, వీధివాళ్లు మిల్లు కంచె అనేవారు. ఆకు కోసుకోవడానికి మాత్రం అందరూ సొంతదార్లే. మనుషుల వరస పదకొండేళ్లయినా నాకు అంతుపట్టలేదు.

నా పనేమిటంటారా? పడమటి గాలికి మిల్లు దొడ్లో ఊక కుప్ప లేచినప్పుడల్లా ఆ దుమ్మంతా నా ఆకుల్లో పట్టుకోవడం. అవతల మంచాల మీద చెళ్ళాయమ్మ అప్పడాలు ఆరుతుంటాయి మరి. అప్పడానికి ఒక్క ఊక పొట్టు అంటుకుందా, కొట్టువాడు కట్టకు కట్ట తిప్పి పంపేస్తాడు. మొగుడు పోయాక ఆ మంచాల మీదే ఇద్దరు ఆడపిల్లల్ని సాకుతోంది ఆమె.

ఈ ఏడు పేర్రాజు గారు అర్జీ పెట్టారు. కంచె కొట్టేసి రేకులు కడతారట, ఆ పదడుగుల జాగాలోనూ ఊక పోసుకుంటారట. చూసిపోవడానికి ఆఫీసరమ్మ మృదుల గారు వస్తారన్నారు. సరిగ్గా అప్పుడే ఆషాఢం వచ్చింది! ఆషాఢంలో గోరింట పెట్టుకోని ఆడది ఉంటుందా? వీధి వీధంతా బుట్టలతో దిగింది. చెళ్ళాయమ్మా దూసింది. కొత్తగా పెళ్లయి పుట్టింటికొచ్చిన కూతురి కోసం పేర్రాజు గారి భార్యా కోయించింది. మూడో నాటికి నా ఒంటి మీద పుల్లలు మిగిలాయి. నాలుగో నాడు ఆఫీసరమ్మ దిగింది!

పేర్రాజు గారి ముఖం వెలిగిపోయింది. "చూసేరాండీ, ఇదేం తెరండీ? ఇక్కణ్ణుంచి మా లారీ నంబరు చదివెయ్యొచ్చు. రేకులు కట్టేత్తానండి, పీడా పోద్ది."

చెళ్ళాయమ్మ ఎర్రగా పండిన చేతులు కొంగులో దాచుకుంది. దాచుకున్నా నోరు ఆగుతుందా? "తప్పు మాదేనండి, మేవే దూసేసుకున్నాం. రాజుగారింట్లో కూడా అడగండి, ఆళ్ల అమ్మాయిగారి చేతులకే రెండు బుట్టల ఆకు పట్టిందండి!"

"మా అమ్మాయి ఊసెందుకే ఇక్కడ?"

"ఆకు ఊసండి, అమ్మాయి ఊసు కాదు. అమ్మా, ఊక నా గుమ్మం దాకా వత్తే ఇంక నా మంచాలు ఎత్తేసుకోవడవేనండి. గోరింట దూసిన కొద్దీ గుబురెక్కుద్ది. కాత్త గడువియ్యండి."

ఆఫీసరమ్మ నన్ను పైనుంచి కిందకు చూసింది. "శ్రావణం రెండో శుక్రవారం వస్తాను. ఆ రోజు అవతల మనిషి కనపడితే రేకులకు సంతకం పెట్టేస్తాను. కనపడకపోతే అర్జీ కొట్టేస్తాను."

ఇహ చూడండి నా హడావుడి! చెళ్ళాయమ్మ మినప్పప్పు కడిగిన నీళ్లన్నీ నా మొదట్లోనే. ఆమెను చూసి వీధంతా అదే వరస. పదకొండేళ్లలో ఎరగని భోగం! పక్కింటి వీరమణి ఊరికే ఒక చివురు తుంపబోతే, "ముట్టుకున్నావంటే నీ చేతికి అట్లకాడతో వాత పెడతానే!" అని చెళ్ళాయమ్మ కేకేసింది. వాన మీద వాన. ఒక్కో పుల్లకు నాలుగేసి చివుళ్లు! పొద్దున లేచేసరికి నన్ను నేనే గుర్తుపట్టలేకపోయేదాన్ని.

రెండో శుక్రవారం రానే వచ్చింది. ఆఫీసరమ్మ వీధివైపు నిలబడింది. అవతల నిలబడడానికి ఇంకెవర్నీ నమ్మక పేర్రాజు గారే స్వయంగా వెళ్లారు. ఆషాఢంలో నేను మరీ పల్చబడ్డ చోటు వెతుక్కుని మరీ నిలబడ్డారు. నా ఆకులన్నీ బిగుసుకుపోయాయి.

"ఎక్కడున్నారండీ?" అంది ఆఫీసరమ్మ.

"ఇక్కడేనండీ, మీ ఎదురుగానే!"

"ఎక్కడ?"

"ఇదిగోనండీ! చెయ్యూపుతున్నాను కదండీ!"

వీధిలో నవ్వులు మొదలయ్యాయి. వీరమణి గట్టిగా, "రాజుగారూ, ఉన్నారా, ఇంటికెళ్లిపోయేరా?" అంది. ఆయన ముందుకు తోసుకొచ్చారు. నా ముళ్లు పంచె పట్టుకున్నాయి. చిరిగిన చప్పుడు ఇటు స్పష్టంగా వినపడింది. మనిషి మాత్రం కనపడలేదు!

"వినపడుతున్నారు, కనపడట్లేదు," అని ఆఫీసరమ్మ అర్జీ మీద అడ్డంగా గీత కొట్టింది.

ఆ మధ్యాహ్నం ఎండ విరగకాసింది. పడమటి గాలి లేచింది, ఊక కూడా లేచింది. నా పడమటి వైపంతా గోధుమ రంగుకు తిరిగింది. చెళ్ళాయమ్మ మంచం మీది అప్పడం ఒకటి తీసి వేలితో రాసి చూసుకుంది. వేలికి తెల్లగా పిండి తప్ప ఇంకేమీ అంటలేదు. అప్పుడు రెండో మంచం కూడా వాల్చింది, నాకు ఇంకా దగ్గరగా.