తుమ్మబంక

ఈ కర్ర మెడ దగ్గర ఇంకొంచెం గీకాలి, లేత తుమ్మను వేరుగడ్డతో సహా పెకలిస్తే ఆ గడ్డే దుడ్డుకర్రకు తల, చెట్టే చేసిపెట్టి ఉంటుంది, మనం బెరడు తీసి గాజుపెంకుతో గీకి ఆముదం పట్టించడమే అనేవాడు నాన్న, అరుగు మీద పాపమ్మ కూర్చుని ఉంది, ఆమె మొగుడు మారప్ప పోయి పన్నెండు రోజులు, కొంగులో చుట్టుకొచ్చినదాన్ని విప్పింది, అతని కర్ర, రెండు ముక్కలు, నేను చేసిందే, దాసన్నా, ఇట్లాంటిదే ఇంగోటి సేసియ్యి, రాగిచేను ఇంగా కోయలేదు, కావిలికి నేనే పోవాల అంది, ఏడవకుండా అంది, అందుకే భయంగా ఉంది నాకు.

ఏనుగులైతే టపాకాయలకు బెదురుతాయి, ఒంటిగా తిరిగే అడవిపంది బెదరదు, రాత్రి కావలికి పోయిన మారప్ప ఎదురు నిలిచి ఒక్క దెబ్బ వేశాడట, కర్ర మెడ దగ్గర విరిగి చేతిలో వట్టి కట్టె మిగిలిందట, తొడ చీరేసింది, కుప్పం ఆసుపత్రికి చేరేలోగా అంతా అయిపోయింది, నీ కర్రదేం తప్పు లేదన్నా, ఆ పంది అట్లాంటిది అంటోంది పాపమ్మ, అనొద్దు తల్లీ అనుకుంటున్నాను లోపల, అమావాస్య ముందరి చీకటి రోజుల్లో కొట్టి నెల రోజులు కుంట బురదలో నానేయకపోతే తుమ్మను పురుగు వదలదు, నాకు తెలియనిదా, మారప్ప తొందరపెట్టాడు మరి, కాదు, అబద్ధం, నిదానంగానే సెయ్యప్పా అన్నాడు అతను, పుంగనూరు సంతకు కర్రల మోపు వెయ్యాలన్న తొందర నాది, వెన్నెల రోజుల్లో కొట్టాను, నానేయలేదు, మెడ మీద ఆవగింజంత బెజ్జం, చూశానా, చూశాను, తుమ్మబంకలో రంపపుపొట్టు కలిపి బొటనవేలితో అదిమాను, గీకాను, నూనె రాశాను, కన్న చెట్టు కూడా కనుక్కోలేదు, నీ సేతి కర్ర ఉంటే నాకేం బయమప్పా అని నవ్వుతూ తీసుకుపోయాడు మారప్ప.

విరిగిన చోట పురుగు తిన్న పిండి, మధ్యలో ఎర్రటి చుక్క, పాపమ్మ వేలితో తడుముతోంది, ఇదేందన్నా, ఆయప్ప నెత్తురా అంటోంది, నేను తల వంచుకుని కొత్త కర్రను గీకుతున్నాను, మెడ దగ్గర వేలు ఆగింది, ఇక్కడా ఒక బెజ్జం, సన్నది, నన్ను అడగకుండానే నా చెయ్యి బంకడబ్బా మీదికి పోయింది, మూత కూడా తీసేసింది, అప్పుడు తెలిసింది, పొడిచింది పందే, కానీ దాని ముందుకు మారప్పను వట్టి చేతులతో తోలింది ఈ బొటనవేలు, ఇప్పుడు ఈమెను తోలబోతోంది, నెత్తురు కాదు పాపమ్మా, బంక, నేనే పూసినాను.