పంపు మొహం తిప్పిన చెయ్యి

బూన్ కియాట్ కుడి చెయ్యి భుజం దాకా గాజు తొట్టిలో ఉంది. ముక్కాలిపీట మీద మునివేళ్ళ మీద నిలబడి, ఎడమ వైపు నీళ్ళు తిప్పే పంపు జాలీకి పట్టిన నాచును పళ్ళకుంచెతో గీకుతున్నాడు. పళ్ళకుంచెలకి లోటు లేదు. పెనాంగ్‌లో బర్మా రోడ్డు మీద డాక్టర్ ఖూ పళ్ళాసుపత్రిలో అవి డ్రాయరు నిండా ఉంటాయి. సోమవారం పొద్దున ఎనిమిదింటికి రావడం, తొమ్మిదింటికి మొదటి రోగి వచ్చేలోపు బతికున్న పగడాలు పెంచే ఆ తొట్టి శుభ్రం చేసి పోవడం, పదకొండేళ్ళుగా ఇదే వరస.

చూడటానికి కియాట్‌లో చెప్పుకోదగ్గదేమీ లేదు. యాభై తొమ్మిదేళ్ళు, కాస్త బొజ్జ, ఉప్పునీళ్ళకి పగిలి పొలుసులూడే చేతులు. "నీ చెయ్యి పట్టుకుంటే ఎండుచేపని పట్టుకున్నట్టుంటుంది" అని భార్య ముప్పై ఏళ్ళుగా అంటూనే ఉంది, పట్టుకుంటూనే ఉంది.

ఆయనకి వచ్చిన విద్య ఒకటే, నీళ్ళు ఎటు పోతాయో తెలియడం. కొత్త తొట్టి కట్టించేవాళ్ళంతా ముందు ఎంత పెద్ద పంపు కావాలని అడుగుతారు. కియాట్ చిన్నవి రెండు తెచ్చి, చెరో పక్క గాజుకి ఆనించి, చిటికెడు ఎండురొయ్యల పొడి నీళ్ళలో వదిలి, పీట లాక్కుని కూర్చుంటాడు. పొడి ఎక్కడ తిరుగుతోంది, ఎక్కడ ఆగి అడుక్కి దిగిపోతోంది అని అరగంట చూస్తాడు. దిగిపోయిన చోట నీళ్ళు చచ్చినట్టు లెక్క. పంపు అరంగుళం జరిపి మళ్ళీ చిటికెడు వేస్తాడు. రెండు ధారలూ నడుమ ఢీకొని చెదిరిపోవాలి. ధార నేరుగా పగడానికి తగలకూడదు, గాజుకి తగిలి మళ్ళి రావాలి. కొమ్మ పగడాలకి కాస్త జోరు కావాలి, మెత్తటి కండ ఉన్నవాటికి ఊపితే చాలు. కింద ఇసక రేగకూడదు. ఆయన పనిచేసే తొట్ల కొట్టులో కుర్రాళ్ళు "కియాటన్న పులుసు రుచి చూస్తున్నాడు" అని నవ్వేవారు.

ఆ విద్య ఆయన ఒక్కడికే మనసుపెట్టి నేర్పాడు. వాడు హాక్ సెంగ్. జెలుటోంగ్‌లో కొట్టు పెట్టినప్పుడు ఇద్దరే ఉండేవారు. సెంగ్‌ది నోరు, కియాట్‌ది చెయ్యి. సముద్రపు నీళ్ళ డబ్బాలు కలిసే మోశారు. ఇప్పుడు సెంగ్ టౌకే, అందరూ యజమాని అని లేచి నిలబడతారు. కియాట్ అతని దగ్గర పనివాడు. అలా ఎప్పుడు అయిందో కియాట్ అడగలేదు, సరిగ్గా గమనించను కూడా లేదు. నీళ్ళని అంత చూసినవాడు మనిషిని చూసుకోలేదు.

ఎనిమిదిన్నరకి తొట్టి దీపాలు వాటంతటవే వెలిగాయి.

దివిటీ పగడం కనబడింది. రెండే రెండు తలలతో అరచేతిలో పట్టుకొచ్చి తను నాటిన ముక్క అది. ఇప్పుడు పందొమ్మిది తలలు. ఒక్కొక్క తలకీ ఆకుపచ్చటి పొడుగు వేళ్ళు, వేళ్ళ చివర బంగారు చుక్కలు. కుడి వైపు ఏడు తలలకి ఆ వేళ్ళు లేవు. కండ ఊడిపోయి, తెల్లటి ఎముక మాత్రం మిగిలింది.

కియాట్ జేబులోంచి పొట్లం తీసి చిటికెడు పొడి వదిలాడు. కుడి పంపు దగ్గర పడ్డ పొడి రాతి వెనక సందులోకి దూరి, అటు తేలి, దివిటీ పగడాన్ని తిన్నగా వెళ్ళి కొట్టింది. గాజు వంక చూశాడు. కుడి గోడంతా గులాబిరంగు నాచు పెచ్చు కట్టి ఉంది. పంపుకి రెండంగుళాల అవతల గుండ్రంగా, నున్నగా, పెచ్చు లేని గాజు. పదకొండేళ్ళు పంపు కూర్చున్న చోటు అది.

ఊడ్చే ఆవిడ చెయ్యి తగిలిందేమో అని ఒక్క క్షణం ఆశపడ్డాడు. తెలియని చెయ్యి తగిలితే పంపు కిందికి వాలుతుంది, ఇసకలో గుంట పడుతుంది. ఇక్కడ ఇసక రేణువు కదల్లేదు. ఆ ఒక్క పగడానికే తగిలేలా కొలిచి పెట్టారు. ఆ సందు సంగతి తెలిసినవాళ్ళు ఇద్దరే. అందులో ఒకడు పీట మీద ఉన్నాడు.

డాక్టర్ ఖూ తలుపు తీసుకుని లోపలికొచ్చింది.

"చూశావా కియాట్? నీకు ఫోను చెయ్యడానికి మనసొప్పలేదు."

"ఎప్పట్నుంచి డాక్టరమ్మా?"

"బుధవారం సెంగ్ వచ్చి కొలతలు తీసుకెళ్ళాడు. శుక్రవారానికి ఇలా అయింది. ఫోను చేస్తే..." ఆవిడ ఆగింది. "నీ చూపు మునుపట్లా లేదన్నాడు. బాధపడతావు, నీతో అనొద్దన్నాడు. ఫోనుతో నడిపే పంపులు ఇవాళ తెస్తున్నాడు. రెండేళ్ళుగా అతను కొనమంటున్నా, వాటి అవసరం లేదని నువ్వంటే నేనూ వద్దన్నాను కదా."

కియాట్ పంపుని నున్నటి చోటికి జరిపి, మొహం ముందు గాజు వైపు తిప్పాడు. సరిగ్గా కూర్చుందో లేదో అని గాజుకి కళ్ళు ఆనించి చూశాడు. ఆవిడ అది చూసి, జాలిపడి, కోటు వేసుకోవడానికి లోపలికి వెళ్ళింది.

కాసేపటికి సెంగ్ అట్టపెట్టెతో వచ్చాడు.

"కుడి పంపు రెండంగుళాలు జరిపావు" అన్నాడు కియాట్. "ఇసక కదలకుండా."

సెంగ్ పెట్టె కింద పెట్టాడు. కాదనలేదు. కాదంటే బావుండేదని కియాట్‌కి అనిపించింది.

"ఆవిడ నీ మాట తప్ప వినదు. నేనేం చెయ్యను మరి?"

"ఇక వినదులే."

"ఒక్క పగడమేగా కియాట్. మళ్ళీ పెరుగుతుంది."

"ఆ సందు నీకు చూపించింది నేను."

"తెలుసు."

తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు. తెలిసే చేశాడన్నమాట. పాతికేళ్ళ స్నేహితుడు.

డాక్టర్ ఖూ రాగానే సెంగ్ నవ్వు మొహం పెట్టి పాత పంపులు పీకేసి, కొత్తవి బిగించి, ఫోను నొక్కాడు. ఇసక లేచి తొట్టంతా మబ్బు పట్టింది. చేపలు మూలకి పరిగెత్తాయి. మిగిలిన పన్నెండు తలలూ వేళ్ళు లోపలికి లాక్కున్నాయి. సెంగ్ మళ్ళీ నొక్కాడు, పంపు జరిపాడు, ఇంకోచోట ఇసక లేచింది. ఉన్నదాన్ని చెడగొట్టడానికి నేర్చుకున్నది సరిపోయింది గాని, కొత్తదాన్ని నిలబెట్టడానికి చాల్లేదు.

"ఎక్కడ పెట్టమంటావు?" అన్నాడు చివరికి, గొంతు తగ్గించి.

కియాట్ వదిలేసి పోవచ్చు. రెండు రోజుల్లో ఆ పన్నెండూ పోయేవి, ఎవరి చూపు ఎలాంటిదో డాక్టరమ్మకి తెలిసిపోయేది. ఆ మాట ఆయనకి తోచకపోలేదు. ఊపిరాడనట్టు ముడుచుకున్న ఆ పగడాన్ని చూస్తూ నిలబడ్డాడు. తర్వాత పీట ఎక్కాడు.

"జోరు మూడో వంతుకి తగ్గించు" అన్నాడు సెంగ్‌తో, మొహం చూడకుండా. ఒక పంపుని నీటి మట్టానికి జానెడు దిగువన వెనక మూలకి, రెండోదాన్ని ఎదుటి మూలకి కాస్త ఎత్తులో ఆనించి, మొహాలు గాజు వైపు తిప్పాడు. పొడి చల్లాడు. అరంగుళం జరిపాడు. మళ్ళీ చల్లాడు. ఇరవై నిమిషాలకి పొడి ఎక్కడా ఆగకుండా తిరిగింది, ఇసక కూర్చుంది. పచ్చటి వేళ్ళు ఒక్కొక్కటే బయటికొచ్చి అటూ ఇటూ ఊగాయి.

డాక్టర్ ఖూ మొహం విప్పారింది.

"చూశావా కియాట్, కొత్త పంపులతో ఎంత హాయిగా ఉందో. సెంగ్ చెప్పింది నిజమే."

సెంగ్ నేల చూపులు చూశాడు. కియాట్ పీట దిగాడు.

"ఇసక మీద ఒక కన్నేసి ఉంచండి డాక్టరమ్మా. రేగితే తగ్గించమనండి."

"వచ్చే సోమవారం నువ్వే చూస్తావుగా?"

"సెంగ్ వస్తాడు."

చంక దాకా తడిసిన చొక్కా గుండీలు విప్పి, తీసి, రోగులు కూర్చునే కుర్చీ వీపు మీద వేశాడు. దాని జేబు మీద కొట్టు పేరు కుట్టి ఉంది. అప్పుడే వచ్చిన మొదటి రోగి, బనీనుతో వెళ్ళిపోతున్న ముసలాయనకి పక్కకి తప్పుకుని దారిచ్చాడు. బయట మోటారుసైకిలు రెండు తన్నులకి అంటుకుని, రోడ్డు చప్పుడులో కలిసిపోయింది.

కుర్చీ మీద చొక్కా కుడి చేతిలోంచి ఉప్పునీళ్ళు నున్నటి పలకల నేల మీదికి ఇంకా కారుతూనే ఉన్నాయి.