చేవో బండిలో నడిమి చోటు

ఇలా దగ్గరికి జరగండి. ఆ కిటికీ వేసెయ్యండి, గాలికి నా మాట సగం వీధిలోకే పోతోంది. చేవో సంగతి చెబుతాను. ఎయుసేబియో బర్రాసా అని పూర్తి పేరు చెబితే మా ఎల్ పాసోలో ఎవరూ గుర్తుపట్టరు. చేవో అంటే మాత్రం, ఓ, చనిపోయినవాళ్లను ఇంటికి తెచ్చే చేవోనా అంటారు.

ఆ రోజు తెల్లవారకముందే అతను వంటింటి బల్ల మీద దారి పరుచుకుంటున్నాడు. కాగితం మీద రాసుకునే అలవాటు లేదు. కాఫీ కప్పు ఈ చివర పెడితే అది ఎల్ పాసో. చక్కెర డబ్బా ఆ చివర, ఒడెస్సా. మధ్యలో ఉప్పు బుడ్డి సియెర్రా బ్లాంకా, చెంచా వాన్ హార్న్, ఎండుమిరపకాయ పేకోస్. పోయి రావడం ఒక్క పగటిలో అయిపోవాలి. పెట్రోలు ఎక్కడ పోయించాలి, ఎక్కడ దిగి నడుం సాగదీయాలి, చమురు లారీలు ఎక్కడ బారులు తీరి అడ్డం పడతాయి, అన్నీ వేలితో నడిపి చూసుకున్నాడు. ఉప్పు బుడ్డి దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ వేలు గాలిలోకి లేచింది. చెంచాకూ ఉప్పు బుడ్డికీ మధ్య ఉన్న జానెడు చోటు మీద ఆనకుండా దాటి అవతల దిగింది. పన్నెండేళ్లుగా అంతే. ఆ ముక్కలో ఆగే పని పడకుండా దారంతా అల్లుకునేవాడు.

పొట్టి మనిషి, వెడల్పు భుజాలు. ముప్పై ఏళ్లు కిటికీ మీద ఆనించి ఆనించి ఎడమ చెయ్యి ఎండకు కమిలి నల్లబడిపోయింది. కుడి చెయ్యి ఎవరో చుట్టాల దగ్గర అరువు తెచ్చుకున్నట్టు తెల్లగా ఉండేది. తెల్ల చొక్కా తనే ఇస్త్రీ చేసుకునేవాడు. నల్ల టై బండిలోనే ఉండేది. వెనక మనిషి ఎక్కాకే అది మెడకు కట్టేవాడు. ఆ మధ్య రెండు నెలలుగా మెట్లెక్కితే ఆయాసం వస్తోంది. ఎవరికీ చెప్పలేదు.

పని ఇదీ. ఒడెస్సా చమురు బావుల్లో వెల్డింగు చేసే రుఫీనో పోయాడు. సాయంత్రం ఇక్కడ అతని కోసం జపమాల ప్రార్థన, మర్నాడు పొద్దున సమాధి. అక్క తోమాసా ముందే అక్కడికి వెళ్లి ఉంది. తమ్ముడితో పాటు అదే బండిలో వస్తానని పట్టుపట్టింది. శవాలను తెచ్చే బండిలో చుట్టాలను ఎక్కించుకోకూడదని మా దగ్గర పద్ధతి. అంత్యక్రియల ఇల్లు నడిపే దెల్ఫీనా చేవోకు ఫోను చేసి, ఆవిడతో వాదించి నేను ఓడిపోయాను, నువ్వూ ఓడిపోతావు, ఊరికే టైము దండగ, ముందు సీటు తుడిచి పెట్టుకో అని చెప్పింది. ఆ బండి పాతకాలంది, పొడుగాటిది. ముందు ముగ్గురు పక్కపక్కన కూర్చునే ఒకటే సీటు.

సియెర్రా బ్లాంకా దగ్గర సరిహద్దు కాపలావాళ్లు ఆపారు. వెనక ఎవరున్నారని అడిగాడు కొత్తగా వచ్చిన కుర్ర పోలీసు. ప్రస్తుతానికి ఎవరూ లేరు, నీకేమైనా తొందరా అన్నాడు చేవో. పక్కనున్న పాత పోలీసు నవ్వి పంపించేశాడు.

ఆ ఊరు దాటాక గడియారం మారుతుంది. మాకో లెక్క, అవతల టెక్సస్ అంతటికీ ఇంకో లెక్క. పోయేటప్పుడు గంట పోతుంది, వచ్చేటప్పుడు ఆ గంట తిరిగి చేతికొస్తుంది. చేవో దాన్ని చిల్లర లాగా ఏనాడూ ఖర్చు చెయ్యలేదు. ఇంకాస్త ముందుకు పోతే, కనుచూపు మేర ముళ్లపొదలు తప్ప మరేమీ లేని చోట, దారి పక్కన రేకు కప్పు, దాని కింద సిమెంటు బల్ల. ప్రయాణాల్లో ఉన్నవాళ్లు అన్నం తినడానికి కట్టించారు. చేవో అటు తల తిప్పలేదు. తిప్పకపోయినా తెలుసు. బల్ల అంచున ఆకుపచ్చ రుమాలు తలకు కట్టుకుని ఆమె కూర్చుని ఉంటుంది. ఒడిలో చేతులు పెట్టుకుని, బండి హారను మోగుతుందేమోనని చెవి ఒగ్గినట్టు. పోయినప్పుడల్లా ఉంటుంది, వచ్చినప్పుడల్లా ఉంటుంది. ఇది తన ఒక్కడి కళ్లకే పట్టిన జబ్బు అనుకునేవాడు.

ఒడెస్సాలో తోమాసా శవాగారం గేటు దగ్గరే నిలబడి ఉంది. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి. జీన్సు ప్యాంట్లు కుట్టే ఫ్యాక్టరీలో బతుకంతా గడపడంతో వేళ్లు మిషను మీద ఉన్నట్టే వంగిపోయాయి. నల్ల బట్టలు, కాళ్లకు మాత్రం ఎర్ర టెన్నిస్ బూట్లు. చేవోను ఎగాదిగా చూసి, డ్రైవరంటే ఎవరో అనుకున్నాను, నువ్వే ముసలాడివి, దారిలో నిన్ను కూడా నేనే మొయ్యాలా అంది. అతని చూపు బూట్ల మీద పడటం చూసి ఆవిడే చెప్పింది, వాడు కొనిచ్చాడు, వాడి కోసమే వేసుకున్నాను అని.

రుఫీనోను మెల్లిగా లోపలికి ఎక్కించారు. చేవో అద్దంలో చూసుకుంటూ టై కట్టుకున్నాడు. వెనక తలుపు మూసే ముందు లోపలికి వంగి, ఇంట్లో పసివాణ్ణి నిద్ర లేపే గొంతుతో, "రుఫీనో, వెళ్దాం రా. ఇక్కడే ఉండిపోకు" అన్నాడు.

మా ఇళ్లలో తల్లులు చేసే పనే అది. కొత్త చోట బిడ్డ జడుసుకుంటే, మనిషి ఇంటికొచ్చినా ప్రాణం అక్కడే చిక్కుకుపోతుంది. అందుకే బయల్దేరేటప్పుడు పేరు పెట్టి పిలుస్తాం. పసివాళ్ల ప్రాణమే అంత తేలిగ్గా చిక్కుకుంటే, చనిపోయినవాళ్ల మాటేమిటని చేవో లెక్క. ఆగిన ప్రతి చోటా దిగి, బయల్దేరేముందు పిలిచేవాడు. పెట్రోలు బంకుల్లో జనం నవ్వేవారు. నవ్వనిచ్చేవాడు.

పేకోస్‌లో ఆగారు. తోమాసా ఒళ్లోని మూట విప్పి, రేకు కాగితంలో చుట్టిన చిక్కుడుగింజల రొట్టె చుట్ట, మేం బురీతో అంటాం, అతని చేతిలో పెట్టింది. తిని, చేతులు కడుక్కుని, బయల్దేరేముందు చేవో వెనక్కి వెళ్లి రుఫీనోను మళ్లీ పిలిచాడు. తోమాసా వింటూ కూర్చుంది. బండి కదిలాక నోరు విప్పింది.

"బతికున్నప్పుడు వందసార్లు పిలిచాను నాయనా, ఇంటికి రారా అని. ఒక్కసారి వచ్చిన పాపాన పోలేదు. ఇవాళ చూడు, రెండు పిలుపులకే ఎంత బుద్ధిగా వస్తున్నాడో."

నవ్వబోయి, ముక్కు తుడుచుకుంది.

వాన్ హార్న్ దాటారు. ఎండ ఎదురుగా కళ్లల్లో పడుతోంది. దక్షిణాన ఎక్కడో జల్లు పడ్డట్టుంది, తడిసిన ముళ్లపొదల వాసన కిటికీలోంచి వచ్చింది. చేవో రెండు చేతులతో స్టీరింగు గట్టిగా పట్టుకుని, చూపు రోడ్డు నడిమి గీతకు కట్టేశాడు. నేల బల్లపరుపు కదా, ఆ రేకు కప్పు చాలా దూరం నుంచే కనిపిస్తుంది.

"ఎవరో ఆడమనిషి ఎండలో కూర్చుందే" అంది తోమాసా, చెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకుని. "పచ్చ రుమాలు కట్టుకుంది. బండీ లేదు, గుర్రమూ లేదు. ఎవరి కోసం చూస్తోందో పాపం. ఆపు, ఎక్కించుకుందాం."

చేవో కాలు దానంతటదే బ్రేకు మీద పడింది. పన్నెండేళ్లలో మొదటిసారి ఆ పక్కదారిలోకి బండి తిరిగింది. కప్పు కింద నిలిపేసరికి బల్ల ఖాళీ. ఒక చిరుగుల సంచి ముల్లుకు తగిలి గాలికి కొట్టుకుంటోంది, అంతే.

తోమాసా అటూ ఇటూ చూసింది. తర్వాత చేవో ముఖం చూసింది. ఎవరామె అని అడిగింది, మెల్లిగా.

అతను స్టీరింగు వదలకుండానే చెప్పాడు. ఎవరికీ చెప్పని మాట. అంపారో తన భార్య. ఒడెస్సాలో చెల్లెలి కూతురి పుట్టినరోజు పండగకు పోయి అదే రోజు తిరిగి వస్తున్నారు. ఈ బల్ల దగ్గరే తిన్నారు. ఆమె చెప్పులు విప్పేసి, ఇంకాసేపు కూర్చుందాం, ఈ గాలి మన వీధిలో ఎక్కడొస్తుంది అంది. అతనికి ఆ రాత్రి ఒక శవాన్ని తెచ్చే పని ఉంది. చేతి గడియారం చూసుకుని ఆలస్యమైందని కంగారుపడ్డాడు. అది ఒడెస్సా లెక్కలో ఉంది. పది నిమిషాలు పోతే గంట తిరిగి వస్తుందని, ఆ దారి అరచేతిలో ఉన్నవాడు, ఆ ఒక్కరోజే మరిచిపోయాడు. బండెక్కి కూర్చుని హారను కొట్టాడు. రెండుసార్లు. ఆమె చెప్పులు చేతిలో పట్టుకుని, నవ్వుతూ పరిగెత్తుకొచ్చి ఎక్కింది. సియెర్రా బ్లాంకా దీపాలు కనబడేసరికి తల అతని భుజం మీద వాలింది. నిద్ర అనుకున్నాడు.

"దారినపోయే వాళ్లందర్నీ పేరు పెట్టి పిలిచాను" అన్నాడు చేవో. "దానికి మాత్రం హారను కొట్టాను."

తోమాసా వంగిన వేళ్లతో ఒళ్లో రేకు కాగితాన్ని సాపు చేస్తూ కూర్చుంది.

"అయితే ఇప్పుడు పిలువు."

"పన్నెండేళ్లయింది, పెద్దమ్మా. ఏ ముఖంతో పిలవను?"

"ఆ ముఖంతోనే. అదేమైనా కొత్త ముఖం కోసం కూర్చుందా?"

ప్రార్థనకు ఆలస్యమవుతుందని అతను నసిగాడు. తిరిగొచ్చే గంట ఉందని దారి పొడుగునా చెప్పావుగా, అది దేనికి దాచుకున్నావని తోమాసా అంది. నా తమ్ముడు ఆగుతాడులే, వాడికి ఇప్పుడు ఓపిక వచ్చింది అని కూడా అంది.

చేవో దిగాడు. బల్ల దగ్గరికి పది అడుగులు నడవడానికి రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకున్నాడు. అరచెయ్యి సిమెంటు మీద ఆనించాడు. వేడిగా ఉంది. "అంపారో" అన్నాడు. గొంతు ఎవరిదో లాగా వినిపించింది.

"అట్లా కాదు" అంది బండిలోంచి తోమాసా. "గుమస్తా పేరు చదివినట్టు కాదు. ఇంట్లో ఎట్లా పిలిచేవాడివో అట్లా."

అతను తల వంచుకున్నాడు. లారీలు పోతున్నాయి, వస్తున్నాయి.

"పారీ" అన్నాడు. "పారీ, ఇంటికి పోదాం రా. తొందరేం లేదు, నెమ్మదిగా రా. చెప్పులు వేసుకునే రా. ఇక్కడే ఉండిపోకు."

గాలి నిలిచిపోయిందని తోమాసా తర్వాత చెప్పింది. ముల్లుకు తగిలిన సంచి కొట్టుకోవడం మానేసిందట. ఆవిడ తన పక్క తలుపు తెరిచి, మోకాళ్ల నొప్పితో మూలుగుతూ కిందికి దిగి, తలుపు పట్టుకుని పక్కకు తప్పుకుని నిలబడింది. బస్సులో ముందు ఇంకొకరిని ఎక్కనిచ్చినట్టు. కాస్త ఆగి, తనూ ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. చేవో వచ్చి చూశాడు. నడిమి చోటు ఖాళీగా వదిలి ఉంది. అంపారో ఏనాడూ తనంతట బెల్టు పెట్టుకునేది కాదు. అతనే వంగి పెట్టాలి. ఆ ఆఖరి రోజు తొందరలో అదీ పెట్టలేదు. ఇప్పుడు వంగి, నడిమి సీటు బెల్టు లాగి, ఎవరి ఒళ్లూ నొక్కుకోకుండా కాస్త వదులు ఉంచి, టక్కుమని బిగించాడు.

బండి ఎల్ పాసో దారి పట్టింది. చేవో ఒక్కసారి ఈలలో ఏదో పాత పాట ఎత్తుకుని, మధ్యలో మరిచిపోయి ఆపేశాడు. కొండ వెనక పొద్దు కుంగుతుంటే దెల్ఫీనా వాకిట్లో బండి ఆగింది. ప్రార్థనకు ఇంకా వ్యవధి ఉంది. రుఫీనో, ఇల్లొచ్చింది, దిగు అని పిలిచి, అతన్ని లోపలికి అందించాడు. టై విప్పి జేబులో పెట్టుకున్నాడు. లోపలికి రమ్మని దెల్ఫీనా పిలిస్తే, మీరు కానివ్వండి, నేను బండిలో కాసేపు కూర్చుంటాను అన్నాడు.

లోపల జపమాల తిరుగుతూనే ఉంది. అయిపోయాక తోమాసా ఒక పళ్లెంలో తీపి రొట్టె, కాఫీ పట్టుకుని బయటికొచ్చింది. దీపం వెలుగులో చేవో తల కుడి పక్కకు వాలి ఉంది, నడిమి చోటు వైపుకి, ఎవరి భుజం మీదో ఆనించుకున్నట్టు. ఎండ తగలని ఆ తెల్ల చెయ్యి సీటు మీద అరచెయ్యి తెరిచి ఉంది. తోమాసా పళ్లెం బండి ముందు భాగం మీద పెట్టింది. అతని నుదురు తాకి చూసింది. ఇంకా ఎవరినీ కేకెయ్యలేదు. ముందు వంగి, అతను తన తమ్ముణ్ణి పిలిచిన గొంతుతోనే పిలిచింది.

"చేవో, పద నాయనా. పారీ, నువ్వు కూడా. దారిలో ఎక్కడా ఆగిపోకండి."

తర్వాతే దెల్ఫీనాను పిలిచింది.

అతన్ని డ్రైవరు పక్క తలుపులోంచి దింపారు. ఇప్పుడు ఆ బండిని దెల్ఫీనా అల్లుడు నడుపుతున్నాడు. ఆగిన చోటల్లా దిగి పేరు పెట్టి పిలుస్తాడు, మొదట్లో సిగ్గుపడేవాడు గానీ ఇప్పుడు అలవాటైంది. మీరూ ఈ సంగతి మరిచిపోకండి. మీ పిల్లలకు చెప్పండి, దూరం పోయేటప్పుడు బండిలో చెప్పుకోండి. ఎక్కువ తక్కువలు మీ ఇష్టం, ఊళ్ల పేర్లు తప్పినా ఫరవాలేదు. ఒక్కటి మాత్రం వదిలెయ్యకండి. ఆ బండిని వారం వారం కడుగుతారు, సీట్లు తుడుస్తారు, కిటికీలు దించి ఆరబెడతారు. ఇన్నాళ్లూ ఎవరూ విప్పకుండా, కాస్త వదులుగా, నడిమి చోటు మీద బిగించి ఉంది ఆ బెల్టు.