కామమ్మ నోరు మూసిన వారం

గవరమ్మ అందట, "ఆ ఇంట్లో ఇరవైమంది మాటలు కామమ్మ ఒక్కర్తే మాటాడేస్తాది. ఇంక ఆ మాటరాని గుంటడికి మాటాడ్డానికి సందేదీ?" అని. కుళాయి దగ్గర అందట. విన్నవాళ్ళు బిందెలు దించి మరీ నవ్వారట. ఈ సంగతి జంగ్లీఘాట్ చేపల బజారులో, పక్కగంప తవిటమ్మ కామమ్మ చెవిన వేసింది. వేసి, "నేనన్నది కాదప్పా, ఆవిడన్నదే సెప్తన్నాను" అని పొలుసు చేతులు దులుపుకుంది.

మామూలుగా అయితే కామమ్మ ఆ సాయంత్రమే షాదీపూర్‌లో గవరమ్మ వాకిట్లో నిలబడేది. ఆవిడ మొగుడు ఆఫీసు నుంచి వచ్చి తలుపేసుకునేదాకా వదిలేది కాదు. ఈసారి కాళ్ళు అటు నడవలేదు. మాటలో నిజం ఉంది మరి. కామమ్మ బేరగాళ్ళతో ఈ దీవిలో అందరికీ వచ్చిన హిందీలో మాట్లాడుతుంది, ఇంట్లోవాళ్ళతో తెలుగులో మాట్లాడుతుంది, ఎవరూ దొరక్కపోతే పొయ్యిమీద ఉడుకుతున్న పులుసుతో మాట్లాడుతుంది.

మనవడు బంగారురాజుకి మూడో ఏడు నడుస్తోంది. వాడి ఈడు పిల్లలు ఒక ఇంట్లో నీళ్ళు అని, ఇంకో ఇంట్లో పానీ అని అడిగి తాగి వస్తున్నారు. వీడికి ఆ, ఊ తప్ప మాట లేదు. అలాగని మందకొడివాడు కాడు. తండ్రి మల్లేశు డింగీ, అదే చేపలు పట్టే ఇంజను పడవ, నడుపుతాడు. ఆ ఇంజను మోతలో అరిచి లాభం లేదని డింగీ మీదివాళ్ళు చేతులతోనే మాట్లాడుకుంటారు. పిడికిలి ఎత్తితే ఆగమని, అరచెయ్యి కిందికి ఊపితే నెమ్మదని, మణికట్టు తిప్పితే వల లాగమని. ఇంట్లో కూడా మల్లేశుకి అదే అలవాటు. పిల్లాడు అవన్నీ పట్టేశాడు. బొటనవేలు నోటికి ఆనిస్తే మంచినీళ్ళు, రెండు చేతులూ ఊపితే చాలని. వాడి చెయ్యి లేవడం ఆలస్యం, కావలసింది ముందుకొచ్చేది.

"నా కొడుకు బోటు భాష నేర్చుకునే పుట్టినాడు" అని మల్లేశు పడవలు ఆగే జెట్టీ మీద మురిసిపోయేవాడు.

కోడలు బుల్లమ్మకే లోపల గుబులు. "అత్తా, ఓపాలి ఆస్పత్రిలో సూపిద్దామా?" అనేది. అన్నప్పుడల్లా కామమ్మది ఒకటే జవాబు. "నీ మొగుడికి నాలుగేళ్ళొస్తేగానీ మాట రాలేదే. ఇప్పుడు సూడు, జెట్టీ మీద ఆడి నోరు తప్ప ఇంకోటి ఇనపడదు."

ఇప్పుడు గవరమ్మ మాట గుచ్చుకున్నాక, సరే, గుంటడికి సందిచ్చి చూద్దామనుకుంది. ఎవరికీ చెప్పలేదు. ఆ రాత్రి నుంచే నోరు కట్టేసుకుంది.

ఇల్లు తలకిందులయింది. మల్లేశు తల్లి నుదుటిమీద చెయ్యి వేసి, "జొరమేటే అమ్మా?" అన్నాడు. కూరలో ఉప్పు ఎక్కువైందేమోనని బుల్లమ్మ చాటుగా రెండుసార్లు రుచి చూసింది. బజారులో రోజూ కొనే బెంగాలీ ఆవిడైతే, బేరమాడకుండా చేప ఇచ్చేసిన కామమ్మను చూసి హడలిపోయి, "దీదీ, తబియత్ ఠీక్ హై?" అని ఒంట్లో ఎలా ఉందో అడిగి వెళ్ళింది. తన నోటికి ఇంత విలువుందని కామమ్మకి తెలియదు. ఒకటి రెండు రోజులు ఆ సంబరం కూడా లేకపోలేదు.

వారం సగం గడిచాక ఒక మధ్యాహ్నం గుమ్మంలో కూర్చుని మనవడి ఆట చూస్తోంది. వలకు కట్టే బెండ్లు ఒకదానిమీద ఒకటి పేరుస్తున్నాడు. పడిపోతే మళ్ళీ పేరుస్తున్నాడు. నిన్నా అంతే. తను గలగలా వాగుతున్న రోజుల్లోనూ అంతే. కొడుకు కంగారుపడ్డాడు, కోడలు భయపడింది, చేపలు కొనే మనిషి కూడా అడిగి వెళ్ళింది. నాయనమ్మ మాట ఆగిపోయిందని వీడికి మాత్రం తెలియనే లేదు.

కామమ్మ లేచి వాడి వెనక్కి వెళ్ళి అన్నం గిన్నె మూత గచ్చుమీద వదిలేసింది. వంటింట్లోంచి బుల్లమ్మ కెవ్వుమంది. పిల్లాడు నేలమీద అరచెయ్యి ఆనించి, ఏదో కదిలిందన్నట్టు గచ్చుకేసి చూశాడు. వెనక్కి తిరగలేదు. ఈసారి నేల తగలకుండా గాలిలో రెండు చేతులూ చరిచింది. కదలలేదు. "బంగారూ!" అంది. ఇంకా గట్టిగా అంది. నోరు కట్టేసుకున్న మనిషి గొంతు విని బుల్లమ్మ పరుగెత్తుకొచ్చింది. పిల్లాడు మాత్రం బెండు మీద బెండు పెడుతున్నాడు. కామమ్మ ఒక అడుగు పక్కకి వేసేసరికి ఆమె నీడ బెండ్లమీద పడింది. అప్పుడు తలెత్తి చూసి, ఎత్తుకోమని నవ్వుతూ చేతులు చాచాడు.

సాయంత్రం మల్లేశు కాళ్ళు కడుక్కోకముందే అందుకుంది. "రేపు ఈడ్ని సెవుల డాక్టరు కాడికి తీసుకెల్తన్నాం."

"ఆడికేటయిందే? సెప్పిందల్లా సేస్తాడు. మొన్న తాడు పట్టుకోరా అంటే పట్టుకోలేదేటి?"

"నోటితో సెప్పినావా, సేత్తో సెప్పినావా?"

మల్లేశు ఏదో అనబోయాడు. ఆ అనబోయే మాటకి ముందే చెయ్యి గాలిలోకి లేచింది. దాన్ని తనే చూసుకుని దించేసుకున్నాడు.

"నాకూ నాలుగేళ్ళకి గానీ రాలేదని నువ్వే కదేటి..."

"అది కోడలి దిగులు సూడలేక అన్న మాట. రెండో ఏడుకే మీ అయ్యని బూతులు తిట్టేవోడివి నువ్వు."

ఇన్నాళ్ళూ ఆ నాలుగేళ్ళ మాట పట్టుకునే బుల్లమ్మ నిద్రపోతోంది. అత్తకేసి చూసింది. ముందు నవ్వొచ్చింది. తరవాత కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఆస్పత్రిలో ఒక చిన్న గదిలో కూర్చోబెట్టి సన్నవీ లావువీ చప్పుళ్ళు వినిపించారు. డాక్టరు హిందీలో నిదానంగా చెప్పాడు. పూర్తిగా వినపడకపోవడం కాదు. ఇంజను మోతలాంటిది కొంత తెలుస్తుంది, మనిషి మాట అందదు. రెండు చెవులకీ వినపడే మిషన్లు పెట్టాలి, కొలతలకి వచ్చే వారం రావాలి. తెలివికి లోటు లేదు. మాట నేర్చే వయసు ఇదే, ఇది జారనివ్వకూడదు.

"మరి సేతుల్తో సెప్పడం మానేయాలా?" అని బుల్లమ్మ అడిగితే కామమ్మ దాన్ని హిందీలోకి మార్చింది.

మానొద్దన్నాడు. చెయ్యి చూపించేటప్పుడే, పిల్లాడికి ముఖం కనపడేలా ఎదురుగా కూర్చుని, ఆ మాట కూడా అనాలి. హిందీయా, తెలుగా అంటే, మీ ఇంట్లో ఏది మాట్లాడతారో అదే. "ఇంట్లో ఎక్కువగా మాట్లాడేది ఎవరు?"

మొగుడూ పెళ్ళామూ ఇద్దరూ ఒక్కసారే కామమ్మకేసి చూశారు.

"బహుత్ అచ్ఛా" అన్నాడు డాక్టరు. "రోజూ ఎదురుగా కూర్చుని మాట్లాడండి, అమ్మా."

బయటికొచ్చి ఆటో కోసం నిలబడ్డారు. మల్లేశు భుజంమీద పిల్లాడు తండ్రి చెవి పట్టుకుని ఆడుకుంటున్నాడు. మల్లేశు తల్లికేసి తిరిగాడు.

"మిషన్లెట్టుకుని జెట్టీ మీదికొస్తే బహరా అంటారే అమ్మా. ఆడి పేరే అదయిపోద్ది. మల్లేశు కొడుకు సెవిటోడని నలుగురూ..." పిల్లాణ్ణి ఇంకో భుజానికి మార్చుకున్నాడు. "ఇంకో ఏడాది సూద్దాం. కొంచెం పెద్దోడయినాక ఎట్టిద్దాం."

బుల్లమ్మ మొగుడికేసి చూసింది, అత్తకేసి చూసింది. ఆటో వచ్చి ఆగింది. కామమ్మ కొడుకు భుజం మీంచి పిల్లాణ్ణి తీసుకుని చంకనేసుకుంది.

"నీకు సిగ్గయితే నువ్వు మాతో నడవకు. వొచ్చే వారం ఈడ్ని నేను తీసుకొస్తాను."