అరచేతంత గోడ

గోడకు రంగు వేయడానికి ఒప్పుకునే ముందు అరచేతంత మేర గీకి చూడటం నా అలవాటు. కింద ఎన్ని పూతలున్నాయో చూసుకోకపోతే పని నెత్తికి చుట్టుకుంటుంది. గ్రంథాలయం హాల్లోనూ అంతే. గోడ మసిబారి ఉంది. లప్పం రేకు తీసి గీకాను.

మర్నాడు పోలీస్ స్టేషన్ నుంచి కబురు. పక్కనున్న మసి తుడిస్తే పాతకాలం బొమ్మ బయటపడిందట. ఒళ్లో బిడ్డ ఉంది, నేను గీకిన చోట తల్లికి ముఖం లేదు. గ్రంథాలయం చూసుకునే పెద్దావిడ ఫిర్యాదులో విధ్వంసం అని రాసింది. బస్సులు తగలబెట్టేవాళ్లకు వాడే మాట అది. ముప్పై ఏళ్లుగా గోడలు బాగుచేసుకుని బతికేవాడికి తగిలిస్తారా? ఒళ్లు మండింది. కానీ భయం ముందు కోపం ఎంతసేపు?

నా భార్య వెంట వచ్చింది. రంగులు కలిపేది తనే, నా తరఫున మాట్లాడేదీ తనే.

స్టేషన్లో వాంగ్మూలాలు రాసుకునే రైటర్ నెమ్మదైన మనిషి. బొమ్మ ఉందని తెలిసి చెరిపితేనే విధ్వంసమనీ, తెలియక చేస్తే పొరపాటనీ విడమరిచి చెప్పాడు. మొదటిదైతే కేసు, జైలు. రెండోదైతే సంతకం పెట్టి ఇంటికి వెళ్లొచ్చు.

"బొమ్మ ఉందని నీకు తెలుసా?"

నేను నా భార్య వైపు చూశాను.

"ఈయనకేం తెలుసండీ," అంది నా భార్య. "చీమకి కూడా దారిచ్చే మనిషి. తెలిస్తే రేకు ఆనిస్తాడా?"

రైటర్ అలాగే రాసుకున్నాడు. నేను సంతకం పెట్టాను.

బయట మెట్ల కింద ఆటో కోసం నిలబడ్డాం. గండం గడిచిందని తను నవ్వింది. నేను మాత్రం మాటిమాటికీ స్టేషన్ గుమ్మం వైపు తిరిగి చూస్తున్నాను. ఇంకా ఎందుకంత భయమని అడిగింది. ఇక దాచలేక చెప్పేశాను.

రెండోసారి గీకేసరికే మసి ఊడి ఒక కన్ను కనబడింది. అక్కడితో ఆపి ఉంటే ముఖం దక్కేది. పని పోతుందన్న భయంతో, ఎవరూ చూడకముందే ఆ కన్ను గీకేశాను. తర్వాత ముక్కు. తర్వాత నోరు.

ఆటో వచ్చి ఆగింది.

"నా నోటితో అబద్ధం చెప్పించావయ్యా," అంది.

ఆటోని పంపేసి, నా చేయి పట్టుకుని మళ్లీ స్టేషన్ మెట్లెక్కింది.